పప్పు కడిగిన నీళ్ళు: విజయవాడ శివారు కాలనీలో ఒక పిండి దుకాణం, కేస్ స్టడీ

చిన్న వ్యాపారాలకు అప్పు ప్రణాళికలు రాసిపెట్టడం, అప్పు చేతికి వచ్చాక రెండు మూడేళ్ళపాటు లెక్కలు చూస్తూ ఆ వ్యాపారం వెంట ఉండటం నేను చేసే పని. ఇక్కడ రాస్తున్న కేసు విజయవాడ ఉత్తర శివారులోని ఒక పునరావాస కాలనీలో వదినా ఆడపడుచూ కలిసి 2022 సంక్రాంతి తరవాత మొదలుపెట్టిన ఇడ్లీ పిండి దుకాణానిది. పేర్లు, బ్లాకు నంబరు ఇవ్వడం లేదు. వాళ్ళు కోరినది అదే. వాళ్ళిద్దరూ, ఒక సహాయకురాలు, రెండు గ్రైండర్లు, ఒక ఫ్రిజ్: అదీ ఆ వ్యాపారం మొత్తం.

ఇంత చిన్న దుకాణం గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. పట్టించుకునేవాళ్ళు లేని కాలనీలో ఒక వ్యాపారం వల్ల ఏం మారిందని ఎవరు అడిగినా, ఎంతమందికి పని దొరికింది, ఎంత లాభం వచ్చింది అన్న రెండు గడులే నేను ఇన్నేళ్ళూ చూపుతూ వచ్చాను. ఆ రెండు గడుల్లో చూస్తే ఈ దుకాణం అతి మామూలుగా కనిపిస్తుంది. ఆ వీధిలో వచ్చిన మార్పును మాత్రం నేను నాలుగేళ్ళుగా కళ్ళారా చూస్తున్నాను. దుకాణం తెరిచి ఉండే వేళలకూ, అది పారబోసే నీళ్ళకు దొరికిన దారికీ ఆ మార్పులో ఉన్న వాటా, లాభానికీ ఉద్యోగాలకూ ఉన్న వాటా కన్నా పెద్దదని నా నమ్మకం.

కాలనీ

విజయవాడలో కాలువ గట్ల మీదా కొండవాలుల్లోనూ గుడిసెలు వేసుకుని బతికిన కుటుంబాలకు శివార్లలో ఇళ్ళు కట్టివ్వడం రెండు పెద్ద పథకాల కింద జరిగింది. ఒకటి 2001 డిసెంబరులో హైదరాబాదులో ప్రారంభమైన వాంబే, అంటే వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన. రెండోది 2005 డిసెంబరులో వచ్చిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం, అంటే జవహర్‌లాల్ నెహ్రూ పేరిట కేంద్రం తెచ్చిన పట్టణ నవీకరణ పథకం. పట్టణ పేదల ఇంటి వైశాల్యం కనీసం 25 చదరపు మీటర్లు, అంటే సుమారు 270 చదరపు అడుగులు ఉండాలన్నది ఈ రెండో పథకం నియమం. మనం చెప్పుకుంటున్నది ఆ కోవలో కట్టిన కాలనీల్లో ఒకటి. నేల అంతస్తు, దాని మీద మూడంతస్తులు, అంతస్తుకు నాలుగిళ్ళు, బ్లాకుకు పదహారు కుటుంబాలు.

ఇళ్ళు గట్టివే. గుడిసెలో వానకు తడిసిన మనిషికి శ్లాబు కింద పడుకోవడం ఎంత పెద్ద సంగతో నేను చిన్నబుచ్చడం లేదు. అయితే కాలువ గట్టు మీద ఉన్నప్పుడు ఆ కుటుంబాల మగవాళ్ళు కాళేశ్వరరావు మార్కెట్టుకు తెల్లవారుజామున నడిచి వెళ్ళి మూటలు మోసేవారు, ఆడవాళ్ళు రెండు మూడు ఇళ్ళలో పని చేసుకుని మధ్యాహ్నానికి తిరిగి వచ్చేవారు. శివారుకు వచ్చాక అదే పనికి రానూ పోనూ షేర్ ఆటో చార్జీ తోడైంది, రెండు గంటలు దారిలో పోయాయి. కొందరు ఇల్లు అద్దెకిచ్చి మళ్ళీ ఊళ్ళోకే చేరుకున్నారు. కట్టినవి ఇళ్ళే గనుక అంగడికి చోటు లేదు. అగ్గిపెట్టె కావాలన్నా మెయిన్ రోడ్డు దాకా పోవాలి. పగలు మనుషులు పనులకు వెళ్ళేవారు, రాత్రి తలుపులు వేసుకునేవారు. మిగిలిన వేళల్లో మెట్ల కింద చోటు తాగేవాళ్ళది, జూదమాడేవాళ్ళది.

నేను మొదటిసారి వెళ్ళిన 2021 చివర్లో ఆ బ్లాకు ముందు సైడు కాలువ నిండి, మురుగు రోడ్డు మీదికి వచ్చి ఉంది. దాన్ని దాటడానికి ఎవరో మూడు ఇటుకలు వేశారు. ఆ ఇటుకల మీద కాళ్ళు పెట్టుకుంటూ ఇస్కూలు పిల్లలు వరసగా దాటడం, వెనకబడిన చిన్నపిల్లను పెద్దపిల్ల చంకనెత్తుకోవడం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

అప్పు

వదిన పదకొండేళ్ళు వన్‌టౌన్‌లో ఒక టిఫిన్ సెంటర్లో పిండి రుబ్బిన మనిషి. మినపగుళ్ళు వేలితో నొక్కి ఎంతసేపు నానాయో చెప్పగలదు. ఆడపడుచు బట్టల దుకాణంలో లెక్కలు రాసేది. కరోనాలో ఆ పని పోయింది. ఇద్దరూ ఒకే పొదుపు సంఘంలో సభ్యులు. వదిన ఇల్లు నేల అంతస్తులో ఉంది, పట్టా ఆమె పేరునే ఉంది. ముందుగది దుకాణానికి వదిలి, నలుగురూ వెనక గదిలో సర్దుకోవాలని ఆ కుటుంబం నిర్ణయించుకుంది. రెండు గదుల ఇంట్లో ఒక గది వదులుకోవడం ఎంత పెద్ద పెట్టుబడో నా ప్రణాళికలో ఎక్కడా రాయలేదు. అది నా లెక్కలో మొదటి లోపం.

రెండో లోపం నేనిచ్చిన సలహా. ఆహార పదార్థాల చిన్న యూనిట్ల కోసం 2020లో కేంద్రం తెచ్చిన పీఎం ఎఫ్‌ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చు మీద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల దాకా సబ్సిడీ ఉంది. లబ్ధిదారు కనీసం 10 శాతం పెట్టుకోవాలి, మిగిలింది బ్యాంకు అప్పు. ప్యాకింగ్ యంత్రంతో సహా పెద్ద యూనిట్ పెట్టమనీ, నగరమంతా ప్యాకెట్లు అమ్మమనీ నేను చెప్పాను. వదిన అంతా విని, "సబ్సిడీ వస్తుందని అప్పు పెంచుకోమంటారా మేడమ్? అమ్ముడుపోని రోజు పిండి పులుస్తుంది, అప్పు పులవదు కదండీ" అంది. నేను తెచ్చిన కాగితాలు సంచీలో పెట్టుకున్నాను. 2015 ఏప్రిల్‌లో మొదలైన ముద్రా రుణాల్లో శిశు విభాగం పరిమితి 50,000 రూపాయలు, తాకట్టు అక్కర్లేదు. అంత చాలునన్నారు.

ఆ 50,000 రావడమూ తేలిక కాలేదు. మొదట వెళ్ళిన బ్యాంకు శాఖలో అధికారి దరఖాస్తులో చిరునామా గడి దగ్గర ఆగి, "ఆ కాలనీయా? అక్కడ వసూలు కష్టమండీ" అని కాగితం వెనక్కి జరిపారు. దరఖాస్తుదారు చరిత్ర చూడలేదు, సంఘం పొదుపు చూడలేదు. చిరునామా ఒక్కటే చూశారు. కాలనీ నిర్లక్ష్యానికి గురవుతోంది అంటే రోడ్లు, దీపాలు గుర్తొస్తాయి గానీ, ఇలా బల్ల అవతలి నుంచి కాగితం వెనక్కి రావడం కూడా అందులో భాగమే. చివరికి సంఘం ఖాతా ఉన్న మరో బ్యాంకు శాఖ, ఆరేళ్ళ పొదుపు పుస్తకం చూసి అప్పిచ్చింది. పది లీటర్ల టిల్టింగ్ గ్రైండర్ ఒకటి కొత్తది, ఒకటి పాతది కొన్నారు. ఫ్రిజ్ ఆడపడుచు ఇంట్లోది.

వేరే మీటరు పెట్టించుకుని వాణిజ్య కేటగిరీలో కరెంటు తీసుకోమని గట్టిగా చెప్పాను. యూనిట్ ధర ఎక్కువే. అయినా ఎవరో ఫిర్యాదు చేస్తే వ్యాపారమే ఆగిపోయే పరిస్థితి కన్నా ఆ ఖర్చు నయం. ఏడాదికి అమ్మకాలు 12 లక్షల రూపాయలు దాటని ఆహార వ్యాపారానికి అప్పట్లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర మామూలు రిజిస్ట్రేషన్ సరిపోయేది, రుసుము ఏడాదికి 100 రూపాయలు ఉండేది. అదీ చేయించాం.

లెక్కలు

ఇడ్లీ పిండికి వాళ్ళ పాళ్ళు ఒకటికి రెండు: కిలో మినపగుళ్ళు, రెండు కిలోల ఇడ్లీ రవ్వ. గుళ్ళను ఐస్ నీళ్ళు చిలకరిస్తూ రుబ్బితే పిండి వేడెక్కకుండా వెన్నలా పొంగుతుంది. నానిన రవ్వను నీళ్ళు పిండేసి అందులో కలిపితే మొత్తం ఏడు కిలోల పైన వస్తుంది. గుళ్ళు కిలో 130, రవ్వ కిలో 45 రూపాయల చుట్టూ ఉన్న రోజుల్లో ఆ ఏడు కిలోలకు సరుకు ఖర్చు 220 రూపాయలు. అమ్మకం ధర కిలో 50. రోజుకు 40 కిలోలు నిలకడగా పోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. అప్పటి లెక్కలో సరుకు పోగా నెలకు 22,500 రూపాయలు మిగిలేది. అందులో కరెంటుకు 2,500, సహాయకురాలికి 6,000, అప్పు వాయిదాకు సుమారు 1,700 పోతే ఇద్దరికీ కలిపి 12,300. తలకు ఆరు వేల పైచిలుకు. ముందుగదికి అద్దె కట్టుకుని ఉంటే అదీ ఉండదు.

ఈ అంకెలు చూసి దీన్ని విజయగాథ అని ఎవరూ అనరు. ఇంట్లో ఉండి, ఆటో చార్జీ లేకుండా, పిల్లలు ఇస్కూలు నుంచి వచ్చే వేళకు ఎదురుగా ఉండి సంపాదించిన ఆరు వేలన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్కను నేను గౌరవిస్తాను.

నీళ్ళు

అసలు కష్టం మార్చి నెలలో వచ్చింది. మినప్పప్పు కడిగిన నీళ్ళు మామూలు నీళ్ళలా ఉండవు. జిగురుగా, నురగగా ఉంటాయి, విజయవాడ ఎండలో నాలుగు గంటలు నిలవుంటే పుల్లటి కంపు కొడతాయి. నానబోసిన నీళ్ళు, కడుగు నీళ్ళు, రవ్వ పిండిన నీళ్ళు, గ్రైండరు కడిగిన నీళ్ళు అన్నీ కలిపి రోజుకు ఏడెనిమిది బిందెలు. అవన్నీ అప్పటికే పూడిపోయిన సైడు కాలువలోకి వెళ్ళేవి. ముందునుంచీ ఉన్న మురుగు మీద ఇది కొత్తగా చేరింది. నేను రాసిన ప్రణాళికలో యంత్రాల ధర, సరుకు, వడ్డీ, తరుగుదల అన్నీ ఉన్నాయి. నీళ్ళు ఎటు పోతాయన్న మాట ఒక్కటీ లేదు.

ఎదురింటి పెద్దావిడ ఒక మధ్యాహ్నం వచ్చి గుమ్మం ముందు నిలబడి, "వ్యాపారం మీరు చేసుకోండమ్మా, కంపు మాకెందుకు?" అని అడిగింది. ఆమె మాటలో తప్పు లేదు. ఆ సాయంత్రం పై అంతస్తుల వాళ్ళు కూడా దిగి వచ్చారు. దుకాణం మూసేయమని ఇద్దరు ముగ్గురు అన్నారు. వదిన ఏడవలేదు, వాదించలేదు; మర్నాడు కాలువ చూద్దాం రమ్మని అందరినీ పిలిచింది.

ఆ మర్నాడు ఉదయం ఆరింటికి మేం కాలువ వెంట నడిచాం. పొడుగాటి కర్ర పుచ్చుకుని ఆడపడుచు ముందు నడిచింది. బ్లాకు మెట్ల దగ్గర కర్ర జానెడు దిగింది. ఇరవై అడుగులు ముందుకు వెళ్ళాక అసలు దిగనే లేదు. కాలువ నిండా గట్టిపడిన పూడిక, ఇళ్ళు కట్టినప్పటి కంకర, విరిగిన మట్టికుండ, సిమెంటు బస్తా. ఆ తరవాత మలుపులో కాలువ అడుగు ముందుకు వాలడానికి బదులు వెనక్కి, ఇళ్ళవైపు వాలి ఉంది. అంటే పైనున్న పూడిక ఎన్నిసార్లు తీసినా నీరు మళ్ళీ ఇక్కడే నిలుస్తుంది. కాలనీ పుట్టినప్పటినుంచీ ఆ మురుగుకు కారణం అదేనని అప్పుడే తెలిసింది. అన్నేళ్ళలో ఎవరూ ఆ కాలువ మొదలు నుంచి చివరిదాకా నడిచి చూడలేదు, చూడాల్సిన అగత్యం ఎవరికీ పడలేదు. రోజూ ఎనిమిది బిందెల నీళ్ళు పారబోయాల్సిన వాళ్ళు వచ్చాకే ఆ అవసరం వచ్చింది. ఈ కేసులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచిన విషయం ఇదే.

పదహారు ఇళ్ళు తలా 100 రూపాయలు వేసుకున్నాయి. మిగతాది దుకాణం భరించింది. ఆ నెల వాయిదా కట్టడానికి వదిన చెవి కమ్మలు కుదువ పెట్టింది. ఇద్దరు కూలీలు రెండు రోజులు పూడిక తీశారు. తాపీ మేస్త్రి మలుపు దగ్గర కాలువ అడుగు పగలగొట్టి, రసమట్టం పెట్టి వాలు సరిచేసి, సిమెంటు పూశాడు. మొదటి బకెట్టు నీళ్ళు పోసినప్పుడు పిల్లలు ఒక చీపురుపుల్లను కాలువలో వదిలి దాని పక్కనే పరుగెత్తారు. పుల్ల మలుపు దాటి పెద్ద కాలువలో పడింది. ఎదురింటి పెద్దావిడ అరుగు మీద కూర్చుని అంతా చూసి, లోపలికి వెళ్ళి అందరికీ టీ పెట్టింది.

కాలువ బాగైనంత మాత్రాన కడుగు నీళ్ళు దాన్లో పోస్తే మళ్ళీ జిగురు పడుతుందని నాకు భయంగా ఉండేది. దానికి మార్గం చూపింది సహాయకురాలు. ఆమె పుట్టిల్లు పల్లెటూరు. పప్పు కడుగు, రవ్వ కడుగు కాలువపాలు చేయడం ఆమె మొదటినుంచీ సహించలేకపోయింది. "కుడితి పారబోస్తారా ఎవరైనా?" అన్నది ఆమె ప్రశ్న. కాలనీ వెనక పొలాల్లో గేదెలు మేపేవాళ్ళున్నారు. ఇప్పుడు మొదటి రెండు కడుగులూ, నానబోసిన నీళ్ళూ, అడుగున మిగిలిన పిండీ నీలం డ్రమ్ముల్లోకి వెళతాయి. సాయంత్రం నాలుగింటికి గేదెలాయన టీవీఎస్ ఎక్సెల్ మీద వచ్చి క్యాన్లలో నింపుకుపోతాడు. డబ్బివ్వడు, రోజూ అర లీటరు పాలు పోస్తాడు. ఆ పాలు కూడా నోటుపుస్తకంలో ఆదాయం కిందే రాయాలని ఆడపడుచు పట్టుబట్టింది. గ్రైండరు కడిగిన నీళ్ళు మాత్రం ఒక ఇనుప జల్లెడ, ఒక తేట తొట్టి దాటి కాలువలోకి వెళతాయి. రెండు వారాలకొకసారి గురువారం ఆ తొట్టి అడుగు తీస్తారు.

వీధి

మొదటి ఏడాది పిండిని ప్యాకెట్లలో పెట్టలేదు. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోవాలి. నిజానికి ప్యాకింగ్‌కు డబ్బు లేకపోవడమే కారణం. అయితే గిన్నె పట్టుకుని వచ్చిన మనిషి కాసేపు నిలబడుతుంది, పక్క బ్లాకు మనిషితో మాట కలుపుతుంది. అంతవరకూ ఒకరి పేరు ఒకరికి తెలియని కుటుంబాలు అవి; కేటాయింపు లాటరీలో వేర్వేరు బస్తీల నుంచి వచ్చినవి. సాయంత్రం ఐదు నుంచి తొమ్మిదిన్నర దాకా అమ్మకం. టిఫిన్ బండ్లవాళ్ళు తెల్లవారుజామున నాలుగున్నరకే వస్తారు. అంటే బ్లాకు మెట్ల కింద చీకటి వేళలో రెండుసార్లు దీపం వెలుగుతుంది, మనుషులు ఉంటారు, నేల ఊడ్చి ఉంటుంది. ఇరవై వాట్ల ఎల్‌ఈడీ బల్బు అది. రోజుకు ఏడు గంటలు వెలిగినా నెలకు ఐదు యూనిట్లు కూడా కాదు.

మెట్ల కింద తాగేవాళ్ళను ఎవరూ వెళ్ళగొట్టలేదు. పక్కింటి అక్కలు, పిన్నిలు గిన్నెలు పట్టుకుని నిలబడే చోట కూర్చోవడం వాళ్ళకే ఇబ్బందైంది. ఇంటర్ చదివే ఆడపిల్లలు కాలేజీ బస్సు దిగి, ఇంతకుముందు చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు, ఈ వీధి గుండా రావడం మొదలుపెట్టారు. కూరగాయల బండి కాలనీ గేటు దగ్గర ఆగిపోకుండా లోపలికి వచ్చింది. ఇస్త్రీ బండి వచ్చింది. పిండి కొనేవాళ్ళు పచ్చడి అడుగుతున్నారని పక్క బ్లాకులో ఒకావిడ కొబ్బరి చట్నీ, అల్లం పచ్చడి పెట్టింది. ఆరు నెలల్లో అది కర్రీస్ పాయింట్ అయింది. విజయవాడలో కర్రీస్ పాయింట్ వచ్చిందంటే ఆ వీధిలో పనికి వెళ్ళి అలసి వచ్చే ఆడవాళ్ళు ఉన్నారనీ, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయనీ అర్థం.

ఇదంతా పిండి దుకాణం వల్లే అని రాస్తే అబద్ధమవుతుంది. అదే కాలంలో వీధి దీపాలు కొన్ని మార్చారు, ప్రధాన దారికి సిమెంటు పడింది. దుకాణం లేని బ్లాకుల ముందు కూడా అవే దీపాలు, అదే సిమెంటు ఉన్నాయి, కూరగాయల బండి మాత్రం అక్కడ ఆగదు. నేను చేయగలిగిన పోలిక అంతవరకే.

వరద

2024 సెప్టెంబరు 1, ఆదివారం బుడమేరు వాగు ఊరి మీద పడింది. అంతకు ముందు కురిసిన వాన, బుడమేరు గట్టుకు పడిన గండ్లు కలిసి సింగ్‌నగర్ పరిసరాలన్నీ రోజుల తరబడి నీళ్ళలో ఉండిపోయాయి. ఈ కాలనీలో నేల అంతస్తు మునిగింది. గ్రైండర్లు రెండూ, ఫ్రిజ్, ముందు రోజే దించిన మినపగుళ్ళు, రవ్వ బస్తాలు అన్నీ నీళ్ళ కిందికి వెళ్ళాయి.

నేల అంతస్తు నాలుగు కుటుంబాలూ పై అంతస్తుల ఇళ్ళలో తలదాచుకున్నాయి. వదిన కుటుంబం ఎదురింటి పెద్దావిడ కొడుకు ఇంట్లో, రెండో అంతస్తులో ఉంది. దుకాణం గ్యాస్ బండను ఆడపడుచు భర్త మెడలోతు నీళ్ళలో ఎత్తుకుని పైకి చేర్చాడు. ముందురోజు ఫ్రిజ్‌లో మిగిలిన పదిహేను కిలోల పిండిని వదిన ముందే పైకి తీసుకుపోయింది. ఆ పూట పదహారు ఇళ్ళకూ అవే ఇడ్లీలు. పడవల్లో ఆహారం అందడం మొదలయ్యేదాకా ఆ బ్లాకు వంట ఒకే పొయ్యి మీద జరిగింది. అంతకు రెండున్నరేళ్ళ క్రితం దుకాణం మూసేయమన్న ఇళ్ళు అవే.

నీళ్ళు తీశాక నేను వెళ్ళేసరికి ముందుగది గోడ మీద మట్టి గీత నా భుజం ఎత్తున ఉంది. మునిగిన మినప్పప్పు వాసన వర్ణించను. గ్రైండరు రాళ్ళకు ఏమీ కాలేదు, కడిగితే సరిపోయింది. మోటార్లకు వైండింగ్ మళ్ళీ చుట్టించాలి, బేరింగులు మార్చాలి. ఆ వారం నగరంలో మోటారు మెకానిక్కుల దగ్గర వరసలు కట్టారు. వీళ్ళ వంతు రావడానికి పన్నెండు రోజులు పట్టింది. మునిగిన నేల అంతస్తు ఇళ్ళకు ప్రభుత్వం ప్రకటించిన సాయం 25,000 రూపాయలు, పై అంతస్తుల వాళ్ళకు 10,000. వదిన ఇంటి కింద వచ్చిన 25,000లో సగానికి పైగా మోటార్లకు, ఫ్రిజ్‌కు పోయింది. సరుకుకు డబ్బు లేదు. గుళ్ళు, రవ్వ పోసే కిరాణా హోల్‌సేల్ వ్యాపారి తన గోడౌనూ మునిగి ఉండగా రెండు బస్తాలు అప్పిచ్చాడు, రెండున్నరేళ్ళలో ఒక్క వారం బాకీ పడని ఖాతా అని.

ఆడపడుచు నోటుపుస్తకాలు మూడు కొట్టుకుపోయాయి. అప్పు కాగితాలు, రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లులు మాత్రం నా ఫోనులో ఫోటోలుగా ఉన్నాయి. అప్పటినుంచి నేను పనిచేసే ప్రతి వ్యాపారం కాగితాలూ ఫోటో తీసి, వాళ్ళ ఫోనులోనూ ఇంకొకరి ఫోనులోనూ పెట్టిస్తున్నాను.

వరద తరవాత సైడు కాలువ మళ్ళీ బురదతో నిండింది. ఈసారి ఎవరూ ఎవరినీ పిలవలేదు. దుకాణం తెరవడానికి ముందే, నీళ్ళు తీసిన ఐదో రోజున, పలుగూ పారా పట్టుకుని బ్లాకు మగపిల్లలు కాలువలో దిగారు. పక్క బ్లాకు వాళ్ళు కూడా తమ ముందున్న కాలువ వెంట కర్ర పట్టుకుని నడిచారు. వాళ్ళ దగ్గరా వాలు తప్పే ఉంది. అది ఇంకా సరిచేయలేదు, మేస్త్రి ఖర్చుకు డబ్బు పోగవుతోంది. పిండి దుకాణం సెప్టెంబరు ఆఖరు వారంలో, దసరా ముందు, మళ్ళీ తెరుచుకుంది.

ఇప్పటి పరిస్థితి

ముద్రా అప్పు తీరిపోయింది. పొదుపు సంఘం ద్వారా తీసుకున్న రెండో అప్పుతో మూడో గ్రైండరు వచ్చింది. దోసె పిండి, పెసరట్టు పిండి కూడా రుబ్బుతున్నారు. పీఎం ఎఫ్‌ఎంఈలోనే, ఆహార తయారీలో ఉన్న పొదుపు సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల దాకా మూలనిధి ఇచ్చే వీలుంది. అది సంఘం ద్వారా వచ్చే అప్పు, పనిముట్లకూ రోజువారీ పెట్టుబడికీ వాడుకోవచ్చు. మొదట నేను చూపిన పెద్ద యూనిట్ కన్నా ఇదే వాళ్ళకు తగినదని ఇప్పుడు అనుకుంటున్నాను. దరఖాస్తు రాస్తున్నాం.

నన్ను కలవరపెడుతున్న విషయం ఒకటుంది. వీధి బాగుపడిన కొద్దీ ఆ వీధిలో అద్దెలు పెరుగుతున్నాయి. వదినకు ఆ బాధ లేదు, ఇల్లు ఆమెది. కర్రీస్ పాయింట్ ఆవిడ అద్దెకుండే మనిషి. ఆమె ఉంటున్న ఇంటి యజమాని ఊళ్ళో ఉంటాడు. నోటిమాట అద్దె, కాగితం లేదు. వరదకు ముందు 2,500 ఉన్న అద్దెను 4,500 చేయమని అడిగాడు. ఆమె రోజుకు పన్నెండు గంటలు పొయ్యి దగ్గర నిలబడి ఆ చోటుకు తెచ్చిన గిరాకీకి ఆమే ఎక్కువ కట్టాల్సి వస్తోంది. ఈ పని చేసేవాళ్ళం మనం దుకాణానికి అప్పు ఇప్పించి పక్కకు తప్పుకుంటాం. ఆ దుకాణం వల్ల పెరిగిన విలువ ఎవరి చేతికి చేరుతుందో చూడటం మన పని అనుకోం. వదిన ఇల్లు సొంతం కాకపోయి ఉంటే ఈ కేసు రెండో ఏడాదిలోనే ముగిసి ఉండేదని నాకు బలంగా అనిపిస్తోంది. ఇప్పుడు కొత్త దరఖాస్తులు తీసుకునేటప్పుడు రెండు గడులు అదనంగా నింపుతున్నాను. వాడిన నీళ్ళు ఎటు పోతాయన్నది ఒకటి, చోటు ఎవరిది, కాగితం ఉందా అన్నది రెండోది.

కర్రీస్ పాయింట్ ఆవిడ తరఫున వదిన, ఎదురింటి పెద్దావిడ, నేను కలిసి పోయిన నెలలో ఆ యజమాని దగ్గరకు వెళ్ళాం. 3,500కు ఒప్పుకున్నాడు, పదకొండు నెలల అగ్రిమెంటు మీద సంతకం పెట్టడానికి మాత్రం వాయిదా వేశాడు. వచ్చే గురువారం రమ్మన్నాడు. గురువారం తొట్టి అడుగు తీసే రోజు గనుక, అది పది గంటలకల్లా ముగించుకుని బయల్దేరదామని ఆడపడుచు అంది.